మృగశిరకి ముందే పట్టిన పండుగప్ప

కాదు. ఎన్నిసార్లు అడిగినా కాదనే అంటాను. ఎండలకి చేపలు చచ్చిపోయాయని రాసేసి చేతులు దులుపుకోవడానికా మనకి జీతాలిచ్చేది? పొద్దున మన ఫిషరీస్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక కుర్రాడు ఫొటో పెట్టాడు. తెల్లటి పొట్టలు పైకి తిరిగి తేలిన చేపలు, గట్టు మీద కూలబడ్డ రైతు, కింద ఒకే ఒక్క ముక్క: "ప్రకృతి ముందు మనమెంత?" దాని కింద వరసగా దండాల బొమ్మలు. ప్రకృతిట! ఆ చెరువులో నీళ్లు ఏ పక్షంలో మరిగిపోతాయో మనకి చలికాలంలోనే తెలుసు. తెలిసీ ఆ పక్షం దాకా అన్ని చేపల్నీ అందులోనే ఎందుకు ఉంచాం? ఇది ప్రకృతిని అడగాల్సిన ప్రశ్నా?

సరిగ్గా ఇదే రాశాను. నిమిషంలో జవాబు వచ్చింది. "మేడం, మీరు రిటైరయ్యారు కదా, ఇంకా అంత కోపం ఎందుకండీ?"

రిటైరవడం గురించి ముందు చెప్పేస్తాను. నాకు ముప్పై మూడేళ్లు. సముద్రమూ, సముద్రాన్ని అంటిపెట్టుకున్న నీళ్లూ వేడెక్కుతుంటే చేపల వేటనీ పెంపకాన్నీ ఎలా నడుపుకోవాలో చూడమని ఏలూరులో ఒక ప్రాజెక్టు పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చి అందులో చేరాను. ప్రాజెక్టు మూసేసిన రోజున ఆఫీసువాళ్లు సరదాకి నాకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి, "మేడం గారి పదవీ విరమణ" అని ఫొటోలు తీశారు. ఆ మాటే నిలిచిపోయింది. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఫోన్ చేసి అక్కడ ఎలా ఉంటుంది, ఏం చేయాలి అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఏమీ ఉండదు, నాకు ఒక్కటీ రాలేదు.

గుడ్లున్న చేప

నాకు పని నేర్పింది మా పెద్దసారు. ఉద్యోగమంతా సముద్రపు ఒడ్డునే గడిపి, చివరికి మా ప్రాజెక్టుకి వచ్చాడు. మెల్లగా మాట్లాడతాడు. ఆ మెల్లదనానికే నాకు మండేది.

చేరిన కొత్తలో నన్ను ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటికి తీసుకెళ్లాడు. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయేదీ, వేసవిలో సముద్రపు ఉప్పునీళ్లు కొల్లేటి వైపు ఎగదన్నేదీ ఆ ఏటి వెంటే. ఒడ్డున బోట్లు చేపలు దింపుతున్నాయి. వేట నిషేధం ఇంకా మొదలవలేదు. మన తీరంలో అది ఏప్రిల్ మధ్యలో మొదలై జూన్ మధ్యలో ముగుస్తుంది, చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని. కానీ ఒకావిడ అక్కడే చేప కోస్తుంటే లోపల నిండా గుడ్లు. పక్కదాంట్లోనూ గుడ్లే. నాకు ఒళ్లు మండిపోయింది.

"నిషేధం పెట్టకముందే గుడ్లతో పట్టేస్తుంటే ఇంక నిషేధం ఎందుకు? మీకు తెలియడం లేదా?" అని ఆవిడ మీద అరిచాను.

ఆవిడ కత్తి ఆపలేదు. "నా మీద అరుత్తావేటమ్మా? దాని కడుపులో గుడ్లు నేనెట్టానా? కావాలంటే కొనుక్కో, గుడ్ల ఏపుడు బావుంటాది."

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. తిరుగు ప్రయాణంలో పెద్దసారు కారు అద్దం దించి, గాలి పీల్చుకుని, అప్పుడు అడిగాడు.

"తేదీ ముందుకు జరపాలంటావు, అంతేనా అమ్మాయ్?"

"అంతే కదండీ! నీళ్లు తొందరగా వేడెక్కుతున్నాయి, చేప తొందరపడుతోంది."

"ఏ చేప?"

"అంటే?"

"ఈ తీరంలో వందరకాలున్నాయి. అవన్నీ నీ కోసం కూడబలుక్కుని ఒక్కరోజే గుడ్లు పెడతాయా? నువ్వు ముందు పదిరోజులు మూస్తే, వెనక పదిరోజులు తెరవమంటారు. అప్పుడు గుడ్లు పెట్టే చేపకి ఏం చెప్తావు? సారీ చెప్తావా?"

 దీనికి జవాబు నాకు ఇప్పుడు దొరికింది. ఆయన మాట సగమే ఒప్పుకుంటాను. రకరకాల చేపలకి ఒకే తేదీ సరిపోదన్నది నిజం. సరిపోదని తెలిశాక ఆ తేదీని ముట్టుకోకుండా భద్రంగా కాపాడడం మాత్రం తప్పు. ఆయన తరం వాళ్లందరికీ ఉన్న జబ్బే అది. ఎన్నో గొడవల తర్వాత ఒకసారి తేదీ కుదిరింది కాబట్టి, దాన్ని కదిపితే అన్నీ కూలిపోతాయని భయం. ఆ భయానికి కారణం ఉంది, గౌరవిస్తాను. కానీ నీళ్లకి ఆ గొడవలేవీ తెలియవు.

ఆయన నేర్పిన ఇంకో సంగతి మాత్రం పూర్తిగా తీసుకున్నాను. రోజూ నీళ్ల వేడి చూసి రైతులందరికీ ఫోన్లో ఎర్ర రంగులో హెచ్చరిక పంపేవాళ్లం. ఒకరోజు ఆయన నా ఫోన్ తీసుకుని కిందికి పైకి తిప్పి చూశాడు.

"ఏప్రిల్ అంతా ఎరుపే. మే అంతా ఎరుపే. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు రెండు నెలలు వెలిగితే జనం ఏం చేస్తారమ్మా?"

"దాటేసి పోతారు."

"మరి?"

"మరి చేపలు పెంచొద్దని చెప్పనాండీ?"

"వద్దు అనేది ఎవడైనా చెప్తాడు. ఆ మాట ఒక్కటే పట్టుకుని రైతు గట్టు ఎక్కకు. వద్దన్నాక వాడు ఏం చేసుకోవాలో అది కూడా పట్టుకెళ్లు. లేదంటే ఆఫీసులోనే కూర్చో, ఫ్యాన్ ఉంది."

ఫ్యాన్ దగ్గర కూర్చునే రకాన్ని కాదు నేను.

రత్నకుమారి గారు

మండవల్లి వైపు కొల్లేటి అంచున ఒక చెరువు. దాన్ని కౌలుకి తీసుకుని పండుగప్ప పెంచుతోంది రత్నకుమారి గారు. పండుగప్ప తెలియనివాళ్లకి చెప్తాను. పుట్టుక ఉప్పునీళ్లలో. పిల్లగా ఉన్నప్పుడు ఏర్ల వెంట మంచినీళ్లలోకి ఎగబాకి, అక్కడ పెరిగి, పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ సముద్రానికి పోతుంది. అందుకే కొల్లేటి చెరువుల్లోనూ బతుకుతుంది. ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ, రేటు ఇంకా ఎక్కువ. ఒక్కటే చిక్కు. కొర్రమీనులాగా పైకొచ్చి గాలి మింగి బతకలేదు. నీళ్లలో కరిగిన గాలే దానికి ఊపిరి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ గాలి తగ్గిపోతుంది.

రత్నకుమారి గారు పదేళ్లపైన రొయ్యల షెడ్డులో తలకాయలు ఒలిచింది. చల్లటి నీళ్లలో నానీ నానీ ఆవిడ వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. భర్తకి నడుం దెబ్బతిన్నాక ధైర్యం చేసి చెరువు పట్టింది. ముందటేడు రోహిణి కార్తెలో సగం చేపలు తేలిపోయాయి. చెరువు ఆసామి అప్పుడే చెప్పేశాడు, మళ్లీ ఇలా జరిగితే కౌలు ఇంకొకరికని. అంటే ఆ ఏడు చెరువు నిలబడకపోతే ఆవిడ మళ్లీ షెడ్డుకి పోవాల్సిందే.

ఏప్రిల్ చివర్లో నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ మేత చల్లుతోంది. నీళ్లు కుతకుత ఉడికినట్టు చేపలు ఎగబడుతున్నాయి.

"ఏంది అక్కా, ఇన్ని చేపలున్నాయి ఇందులో!" అన్నాను.

"ఏందంటే ఏటండీ?" అని నవ్వింది. "అయిదరాబాదోళ్లా? రండి, అలా ఎండలో నిలబడకండి మేడం గారూ."

కూర్చున్నాక విషయం చెప్పాను. ఇంత మంద రోహిణి కార్తె దాటదు, ఇప్పుడే కొన్ని పట్టి అమ్మేయండి అని. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"మృగశిరకి ముందా? ఎవరమ్ముతారండీ?"

ఈ ఒక్క ప్రశ్న అర్థం కాని వాళ్లు ఈ జిల్లాలో ఉద్యోగం చేయకండి. మృగశిర కార్తె వచ్చిన రోజున మన జనం చేప తినాలి. ఎండలు పోయి వాన చల్లదనం వస్తుంది, ఒంట్లో వేడి పుట్టాలని పెద్దవాళ్లు పెట్టిన అలవాటు. ఇప్పుడా చల్లదనం రావడం లేదు, చెమటలు కక్కుతూ తింటున్నాం, అది వేరే సంగతి. ఆ రోజుకి సముద్రంలో వేట ఇంకా మొదలవదు. కాబట్టి ఊళ్లన్నీ చెరువు చేప కోసమే ఎగబడతాయి. ఏడాదిలో ఆ రేటు మళ్లీ రాదు. అందుకని ప్రతి రైతూ పెంచిన చేపనంతా మృగశిర దాకా అట్టేపెడతాడు. మృగశిరకి ముందు వచ్చేది రోహిణి, రోళ్లు పగిలే ఎండలు. అంటే చెరువులో చేప అన్నిటికంటే ఎక్కువగా, అన్నిటికంటే పెద్దదిగా ఉండేది సరిగ్గా నీళ్లలో ఊపిరి అన్నిటికంటే తక్కువ ఉన్న పక్షంలో! ఇంత శ్రద్ధగా తమ చెరువుని తామే ఉరి తీసుకునే పద్ధతి ఇంకెక్కడా నేను చూడలేదు.

"రోహిణిలో చస్తే మృగశిరకి ఏం అమ్ముతారు?" అన్నాను. గొంతు పెరిగింది.

"చావకపోతేనో?"

"పోయినేడు చచ్చాయి కదా!"

"సగవే కదండీ చచ్చింది. ఆ మిగిలిన సగం మృగశిర రేటుకే గదా మమ్మల్ని నిలబెట్టింది?" ఆవిడ గొంతు పెంచలేదు. "సరేనండీ, మీ మాటే విన్నాననుకోండి. ఇప్పుడు సగం పట్టేత్తాను. కొనేదెవరు? యాపారికి పెద్ద లారీ నిండాలి. నా సగానికి ఆయన లారీ పంపడు. ఏలూరు బజార్లో గంపలో పెట్టుకుని కూచోమంటారా?"

పెద్దసారు చెప్పిన 'అది కూడా పట్టుకెళ్లు' నా దగ్గర లేదు. కోపంగా ఫోన్ తీసి వ్యాపారికి చేశాను. ఆయన ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "మేడం గారూ, మే నెల్లో పండుగప్ప ఎవడు తింటాడండీ? అలా తొందరపడితే మృగశిరకి కూడా నా లారీ ఆ గట్టుకి రాదని చెప్పండి ఆవిడకి."

ఫోన్ స్పీకర్లోనే ఉంది. రత్నకుమారి గారు విన్నది. లేచి మేత బస్తా మూతి కట్టుకుంది.

అభ్యంతరమున్నవారు

తర్వాతి ఆదివారం చర్చికి రమ్మంది. "అక్కడైతే మీరు ఫోన్ మాటాడరు, నేను చేపల గురించి మాటాడను. ఇద్దరికీ ప్రశాంతం," అంది. వెళ్లాను. వెనక బెంచీలో కూర్చుని, నిజం చెప్పాలంటే, ఒళ్లో ఫోన్ పెట్టుకుని నీళ్ల వేడి లెక్కలు చూసుకుంటున్నాను.

ప్రసంగం అయ్యాక పాస్టరు గారు పెళ్లి ప్రకటనలు చదవడం మొదలుపెట్టారు. నాకది కొత్త. వాళ్లలో పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు చర్చిలో చదివి వినిపించాలి. ఫలానా వరుడిది జంగారెడ్డిగూడెం, వధువుది మన ఊరు, మొదటి ప్రకటన. వరుడిది నల్లజర్ల, రెండో ప్రకటన. ఇంకోటి. ఇంకోటి. పెళ్లి రోజులన్నీ మే నెల రెండో, మూడో వారాలే, పిల్లలకి సెలవులు కదా. అన్నీ రోహిణికి ముందే.

మే నెల్లో చేప ఎవడు తింటాడన్నాడు వ్యాపారి. ఇదిగో వీళ్లు తింటారు! మూడు వారాల ముందు, ఊరి పేరు, పెళ్లి తేదీతో సహా మైకులో చెప్పి మరీ తింటారు. వీళ్ల విందులు మాంసం లేకుండా జరగవు. పైగా సముద్రం మూసి ఉంటుంది, వేరే మంచి చేప దొరకదు.

"ఈ వివాహమునకు అభ్యంతరమున్నవారు తెలియజేయవలెను," అన్నారు పాస్టరు గారు.

నేను లేచి నిలబడ్డాను.

ఆలోచన వచ్చి లేచానంతే. కానీ చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. ముందు వరసలో పెళ్లికూతురి తల్లి మొహం పాలిపోయింది. ఎవరో ఆడపిల్ల పట్నం నుంచి దిగి పెళ్లికొడుకు మీద అభ్యంతరం చెప్తోందనుకున్నారు.

"చెప్పమ్మా," అన్నారు పాస్టరు గారు, భయం భయంగా.

"అభ్యంతరం కాదండీ. విందులో ఏం పెడుతున్నారు?"

 చర్చి చర్చంతా ఒకటే నవ్వు. రత్నకుమారి గారు కొంగులో మొహం దాచుకుంది. బయటికొచ్చాక పెళ్లికూతురి తల్లి నా చెయ్యి పట్టుకుని, "సంపేసినావమ్మా నన్ను! కోడి పెడతన్నాం, నువ్వూ రా," అంది.

కోడిని చేప చేయడానికి వంట మేస్త్రి ఒప్పుకోవాలి. మెట్ట ప్రాంతంలో ఈ పెళ్లిళ్లకి వండేది జంగారెడ్డిగూడెం పౌలు మేస్త్రి. ఆయన్ని చెరువు దగ్గరికి రప్పించాం. గట్టు మీద నిలబడి ఆయన మొదటి మాటే బేరం లాంటి వెటకారం.

"పండుగప్పా? పెద్దోళ్ల చేపండీ అది. మా పెళ్లోళ్లకి పెట్టామంటే అది పండుగప్ప కాదు, పండగ అప్పు."

"మే నెల రేటు మృగశిర రేటు కాదు కదండీ. లారీ వ్యాపారికిచ్చే రేటుకే మీకిస్తాం," అన్నాను.

"చేప కూర ఎయ్యి మందికి కలిపితే పిండైపోద్ది మేడం గారూ. గరిటె ఆడిందా, ముళ్లు ఓ పక్క, కండ ఓ పక్క. ఎవరి గొంతులోనన్నా ముల్లు దిగిందంటే పెళ్లి సంగతి మర్చిపోయి నన్ను పట్టుకుంటారు."

 రత్నకుమారి గారు రెండు చేపలు తెప్పించి, ముక్కలు కోసి, కట్టెల పొయ్యి చూపించింది. "మీరే వండండి అన్నయ్యగారూ. మీ చేతివాటం మాకు రాదు."

పొగిడితే కాదనలేకపోయాడు. వండాడు, గరిటె పెట్టి ఇష్టమొచ్చినట్టు తిప్పాడు. ముక్క చెక్కు చెదరలేదు. పళ్లెంలో పెట్టుకుని నమిలాడు, ఆగాడు, నాలుకతో వెతుక్కున్నాడు.

"ముళ్లేవి?"

"ఉన్నదే మధ్యలో ఒకటండీ," అంది రత్నకుమారి గారు.

"అయితే ముసలోళ్లూ పిల్లలూ కూడా తినేత్తారే!" అన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. "ఐసుది మీరు చూసుకోండి. ఎండలో నల్లజర్ల ఎక్కేసరికి మెత్తబడిందా, వెనక్కి పంపేత్తాను. మొహమాటం లేదు."

ఈ భాగం కొత్తవాళ్లు శ్రద్ధగా చదవండి. ఆ మే నెల్లో నేను చేసిన పని ఏ పుస్తకంలోనూ లేదు. చుట్టుపక్కల చర్చిల నుంచి ప్రకటనలు తెప్పించుకున్నాను. పెళ్లివాళ్లకి ఫోన్ చేశాను. తాడేపల్లిగూడెంలో ఐసు ఫ్యాక్టరీ నడిపే గుప్తగారితో గొడవ పడ్డాను, పెళ్లిరోజు పొద్దున్నే ఐసు ఇవ్వాలని. ఆయన "అమ్మా, మీది ఏ డిపార్టుమెంటమ్మా? చేపలా, పెళ్లిళ్లా?" అని అడిగి నవ్వుతూనే ఇచ్చాడు. ముందురోజు మేత ఆపి, తెల్లారి నీళ్లు చల్లగా ఉన్నప్పుడే వల వేసి, పెద్ద చేపల్ని ఏరి, ఐసు ట్రేలలో సర్ది, ట్రాలీ ఆటో ఎక్కించేవాళ్లం. వల పడిన ప్రతిసారీ కొన్ని చేపలకి పొలుసు రాలింది. రత్నకుమారి గారికి గుండె రాలింది. "ఇంకెన్నిసార్లండీ?" అనేది. నేను సముదాయించలేదు. ప్రకటనలు చదివి వినిపించేదాన్ని.

పెద్దసారుకి నచ్చలేదు. "ఇది మన పని కాదమ్మాయ్," అన్నాడు. అయినా నల్లజర్ల పెళ్లికి వచ్చాడు. బంతిలో కూర్చుని తిని, వడ్డించే కుర్రాడిని ఆపి, "బాబూ, ఆ చేప ఇంకోసారి," అన్నాడు. నాకు పైనుంచి దొరికిన అనుమతి అదొక్కటే.

రోహిణి మొదలయ్యేసరికి చెరువులో సగం కంటే కొంచెం తక్కువ చేప మిగిలింది.

ఎదురుగాలి

అది ఒక మధ్యాహ్నం. పొద్దుటినుంచీ గాలి లేదు, నీళ్ల మీద వేడి పొరలా నిలబడింది. భోజనాల వేళ దాటాక ఒక్కసారిగా మబ్బు కమ్మి, ఈదురుగాలి లేచి, పెద్ద చినుకులు పడ్డాయి. జనం చల్లబడిందని సంతోషిస్తారు. చెరువుకి మాత్రం అదే గండం. పైనీళ్లు చల్లబడి దిగుతాయి, అడుగున కుళ్లిన నీళ్లు పైకి లేస్తాయి. ఉన్న కాస్త ఊపిరీ పోతుంది.

ఏలూరులో ఉన్నాను. ఫోన్ మోగింది. రత్నకుమారి గారు వీడియో కాల్. ఫోన్ తిప్పి చెరువు చూపించింది. నీటి మీద నోళ్లు. ఎక్కడ చూసినా తెరుచుకున్న నోళ్లు.

"కరెంటు?"

"పోయిందండీ. గాలికి తీగ తెగిందంట. నీళ్లు చిలికే ఏరేటర్లు తిరగట్లేదు."

"డీజిలు ఇంజిను వేయండి, నీళ్లు ఎత్తి మళ్లీ చెరువులోనే పడేలా!"

"ఏశాం. అటు చూడండి."

నీళ్లు పడుతున్న చోట చేపలు మందగా చేరాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఆ ఒక్క జల్లు కింద. నేను బండి తీశాను. వెళ్లేసరికి వాన ఆగిపోయింది. పక్క చెరువు రాజుగారిది. ఆయన ఒక్క చేపా అమ్మకుండా మృగశిరకి అట్టేపెట్టారు. ఆయనకి రెండు ఇంజిన్లున్నాయి, రెండూ నడుస్తున్నాయి. చాలడం లేదు. చేప ఎక్కువ, నీళ్లు అంతే. గట్టు వెంట తెల్లగా తేలుతున్నాయి.

రత్నకుమారి గారి చెరువులోనూ చచ్చాయి. లేదని చెప్పను. కానీ సాయంత్రానికి నోళ్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఆ దిగడం చూస్తూ ఆవిడ మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికెళితే తిడుతోంది.

"ఆ అమ్మేసిన సగం ఉండుంటేనా, అన్నీ పోయేవి! అన్నీ పోయేవి! ఎదవ మృగశిర!"

తర్వాత లేచి, తన ఇంజిను విప్పించి రాజుగారి గట్టుకి పంపింది. "ఏవండీ రాజుగారూ, ఆ మూల పెట్టండి, అక్కడింకా ఆడతన్నాయి," అని కేకేసింది. ఆయన చేపల్లో కొన్ని దానివల్లే నిలిచాయి.

మృగశిర రోజు ఆవిడ చేపలు మంచి రేటుకే పోయాయి. లారీ పంపనన్న వ్యాపారే లారీ పంపాడు, చుట్టుపక్కల బతికున్న చేప ఎక్కువగా మిగిలింది అక్కడే మరి. వారం తర్వాత ఆసామి స్వయంగా వచ్చి, కౌలు మూడేళ్లకి రాసుకుందామన్నాడు.

ఇంత జరిగాక రత్నకుమారి గారు నాతో ఏమన్నదో తెలుసా? టీ గ్లాసు చేతికిస్తూ, "మేడం గారూ, ఆ పెళ్లిళ్లకి పోసిన చేప కూడా మృగశిర దాకా ఉంటే ఎంత బావుండేదండీ!" అంది.

"ఉండేవి కాదు! చచ్చేవి!" అని అరిచాను.

"తెలుసండీ. అయినా అనిపిత్తాది గదా."

ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఇదే. చచ్చిన చేపని ఫొటో తీయొచ్చు. చావకుండా మిగిలిన చేప ఫొటోలో పడదు. మనం పని సరిగ్గా చేసిన ఏడు చూపించడానికి ఏమీ ఉండదు, ఎవరూ దండాల బొమ్మలు పెట్టరు. దీనికి సిద్ధపడే రండి.

ఇప్పుడు

ప్రాజెక్టు పోయింది. పని పోలేదు. పౌలు మేస్త్రి ఇప్పుడు ప్రకటనలు మొదలవకముందే రత్నకుమారి గారికి ఫోన్ చేసి చేప చెప్పుకుంటున్నాడు. ఆ గట్టు వెంట ఇంకా కొన్ని చెరువులు మే నెల్లో పలచబడుతున్నాయి. రాజుగారు ఈసారి అసలు చేపపిల్లే తక్కువ వేశారు. "ఎక్కువేసి ఏడవడం కంటే ఇదే నిద్ర పట్టుద్దండి," అన్నారు ఫోన్లో. వేడి ఇంకా ముందుకు జరిగితే మొదటి పట్టుబడి ఈస్టరుకే చేసేద్దామా అని రత్నకుమారి గారు తనంతట తనే అడిగింది. పెద్దసారు మాత్రం రిటైరయ్యాడు, ఆయనది అసలు రిటైర్మెంటే. మొన్న ఫోన్ చేసి, వేట నిషేధం ఒక్కో చేపకి ఒక్కోలా, ఒక్కో తీరానికి ఒక్కోలా ఉండొచ్చా అని రెండు గంటలు వాదించాడు, నా వైపు నుంచి!

ఇదంతా ఒక కొత్త ఆఫీసరుకి చెప్పాను. చదువుకున్నవాడు, తెలివైనవాడు. అంతా విని, "బాగుంది మేడం, కానీ మీరు చేసింది ఫిషరీస్ కాదు కదా, పెళ్లి భోజనాల కాంట్రాక్టు," అన్నాడు.

సరే, కాంట్రాక్టే అనుకుందాం. మనం ఆపలేని వేడిలో ఆ చెరువు నిలబడింది, మూడేళ్ల కౌలు నిలబడింది, రత్నకుమారి గారి చేతులు షెడ్డు నీళ్లలో కాకుండా మేత బస్తా మీద ఉన్నాయి. ఇది చేపల మేనేజ్‌మెంట్ కాకపోతే, బాబూ, మీ ఫ్యాన్ కింద కూర్చుని మీరు చేస్తున్నది ఏమిటో చెప్పండి, చూద్దాం?